పెసల మొలకల వేడిని ఫ్లాస్కులో చూడటం

150 గ్రాముల పెసలు రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూటకట్టండి. తెల్లటి మొలక ముక్కు పొడుచుకు రాగానే అరలీటరు థర్మాస్ ఫ్లాస్కులో పోయండి. థర్మామీటరు బల్బు గింజల మధ్యకి దిగాలి. మూతికి దూది పెట్టండి, బిరడా వద్దు. మొలకలు శ్వాసిస్తూ గ్లూకోజు అనే చక్కెరను విరగ్గొడతాయి. గాలి అందకపోతే అది పైరువేటు (గ్లూకోజు సగానికి విరిగిన ముక్క) దాకా విరిగి ఆల్కహాలు వైపు మళ్లుతుంది, పులిసిన వాసన కొడుతుంది. గాలి ఆడితే పైరువేటు మైటోకాండ్రియాలోకి (కణంలో శక్తి తయారయ్యే భాగం) వెళుతుంది. ఒక్కో గ్లూకోజుకి 6 ఆక్సిజన్ అణువులు ఖర్చై, సుమారు 30 ఏటీపీలు (కణం శక్తిని దాచుకునే అణువులు) దక్కుతాయి (పుస్తకాల్లోని 38 పాత లెక్క). ఏటీపీలో చేరని శక్తే మీరు కొలిచే వేడి.

పోలికకు ఇంకో ఫ్లాస్కులో అన్నే పెసలు, ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చినవి, తప్పనిసరి. రెండోరోజు అవీ వేడెక్కాయంటే బూజు పట్టినట్టే, బూజూ శ్వాసిస్తుంది. అందుకే వాటిని పలచటి బ్లీచింగు నీళ్లతో ముందే కడగాలి.