శిలాఫలకం ఉంది, ఫ్యాక్టరీ లేదు: నెల్లూరు, ప్రకాశంలో పెట్టుబడి ఎక్కడ ఆగుతోంది?

విదేశీ కంపెనీ వస్తోందని పేపర్లో పడగానే మన దగ్గర ముందు పెరిగేది ఎకరం ధర. ఫ్యాక్టరీ సంగతి తర్వాత. ఏళ్లు గడిచినా పునాది లేవకపోతే ఎవర్ని నిలదీయాలో తెలియదు. అందుకే ఏది ఎవరి చేతిలో ఉందో ముందు చూసుకోవాలి. విదేశీ పెట్టుబడికి అనుమతి కేంద్రం పరిధిలోది. తయారీ రంగంలో చాలావాటికి 100 శాతం ఆటోమేటిక్ రూటే, అంటే ముందస్తు అనుమతే అక్కర్లేదు. ఇన్‌కమ్ టాక్స్, కస్టమ్స్ కూడా ఢిల్లీవే. రాష్ట్రం చేతిలో ఉన్నవి భూమి, నీళ్లు, కరెంటు, రాయితీలు. పని ఆగేది ఎక్కువగా వీటి దగ్గరే.

సమస్య: శంకుస్థాపన అయింది, తర్వాత ఎవరూ రాలేదు

రామాయపట్నం దగ్గర ఇండోనేషియాకు చెందిన ఏషియా పల్ప్ అండ్ పేపర్ మిల్లుకు 2019 జనవరిలో శంకుస్థాపన చేశారు. చెప్పిన పెట్టుబడి రూ.24,500 కోట్లు. ఆ ఏడే ప్రభుత్వం మారింది, మిల్లు రాలేదు. వచ్చుంటే సుబాబుల్, జామాయిల్ రైతులకు ఇంటి పక్కనే బేరం ఉండేది.

కారణం: ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అంటే పెళ్లిచూపులే, తాంబూలాలు కూడా కాదు. ఎవరు వెనక్కి తగ్గినా అడిగేవాళ్లుండరు.

పరిష్కారం: కోట్ల అంకె పక్కన పెట్టి కాగితాలు చూడండి. స్థలం కంపెనీ పేరున రిజిస్టర్ అయిందా? నీటి కేటాయింపు జీవో వచ్చిందా? కాలుష్య నియంత్రణ మండలి సీఎఫ్‌ఈ (ఫ్యాక్టరీ కట్టుకోవడానికి సమ్మతి) ఇచ్చిందా? సబ్‌స్టేషన్‌కు టెండర్ పిలిచారా? ఇవేవీ లేకుండా ఆ వార్తను నమ్మి పొలం కొనొద్దు, ఉన్నది అమ్మొద్దు.

సమస్య: ప్లాట్లన్నీ కేటాయించారు, షెడ్లకు మాత్రం తాళాలు

ఇది అసలు జబ్బు. ఒంగోలు పక్కన గుండ్లాపల్లి గ్రోత్‌సెంటర్‌లో (పారిశ్రామికవాడలో) గ్రానైట్ యూనిట్ నడిపేవాళ్లను కదిపితే ముందు కరెంటు బిల్లు తీసి చూపిస్తారు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌లో యంత్రం ఆపినా డిమాండ్ చార్జీ, అంటే రాయించుకున్న లోడ్‌కు కట్టే చార్జీ, ఆగదు. ఒప్పుకున్న డిమాండ్‌లో కనీసం 80 శాతానికి బిల్లు పడుతుంది. 200 కేవీఏ రాయించుకున్న యూనిట్‌లో కటింగ్ మెషిన్ నెలంతా తిరగకపోయినా 160 కేవీఏకి కట్టాల్సిందే. ఆర్డర్లు లేని రోజుల్లో చిన్న యూనిట్‌ను ముంచేది ఇదే. పని తగ్గుతోందని అనిపించినప్పుడే సీఎండీ (ఆ ఒప్పుకున్న డిమాండ్) తగ్గించమని డిస్కమ్‌కు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, దరఖాస్తు పెట్టాలి. ప్రకాశం వాళ్లకు సీపీడీసీఎల్, నెల్లూరు వాళ్లకు ఎస్‌పీడీసీఎల్. బకాయి పడ్డాక వెళ్తే ఆ బకాయి కట్టి రమ్మంటారు.

రెండో కారణం రాయితీలు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే డీఐఈపీసీ (జిల్లా పరిశ్రమల కమిటీ) మంజూరు చేస్తుంది, ప్రొసీడింగ్స్ చేతికొస్తాయి, డబ్బులు రావు. ఆ సబ్సిడీని నమ్ముకుని బ్యాంకు లోను తీసుకున్నవాడికి ఇక నెలనెలా టెన్షనే. దీనికి ఎస్క్రో ఖాతా (రాయితీల డబ్బు విడిగా ఉంచే బ్యాంకు ఖాతా) పెడతామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. నిజంగా నడిస్తే రోడ్‌షోల కన్నా అదే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. ఎందుకంటే బయటి కంపెనీ మనిషి బ్రోచర్ చదివి ఊరుకోడు, ముందే ఉన్న యజమానిని పక్కకు పిలిచి "డబ్బులొచ్చాయా?" అని అడుగుతాడు. తడకు దగ్గర్లోని శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు ఒకచోట చేరడానికి చెన్నై దగ్గర కావడం ఒక కారణమైతే, ముందొచ్చినవాళ్ల మాట ఇంకో కారణం.

మూడోది రాయి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ దిమ్మెలు దిమ్మెలుగానే ఓడెక్కి చైనా చేరి అక్కడ పాలిష్ అవుతున్నాయి. గ్రానైట్ చిన్న తరహా ఖనిజం కాబట్టి రాయల్టీ నిర్ణయం రాష్ట్రానిదే. దిమ్మెకూ, ఇక్కడ కోసిన పలకకూ మధ్య రాయల్టీ తేడా పెంచడం అమరావతిలోనే అయ్యే పని. ఇక ప్లాటు తీసుకుని ధర పెరిగేదాకా కూర్చున్నవాళ్లుంటారు. గడువు దాటితే రద్దు చేసే నిబంధన ప్లాట్లిచ్చే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీకి ఉంది. వాడాలి, అంతే.

సమస్య: భూమి తీసుకుని ఏళ్లయింది, సర్కారు తుమ్మ పెరుగుతోంది

కొడవలూరు మండలం రాచర్లపాడులో ఇఫ్కో ఎరువుల ఫ్యాక్టరీ కోసమని 1990ల్లో వేల ఎకరాలు తీసుకున్నారు. తర్వాత అది సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) అయింది, ఎరువుల ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. పామూరు, పీసీపల్లి వైపు నిమ్జ్ (జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి) కథా ఇలాంటిదే. ముందు భూమి, ఆఖర్న నీళ్లు అన్న వరస వల్ల వచ్చిన తిప్పలివి. దొనకొండలోనూ వెలిగొండ నీళ్లు పారేదాకా పరిశ్రమల మాట గట్టిగా చెప్పలేం.

2013 భూసేకరణ చట్టం కింద సేకరించిన భూమి అయిదేళ్లు ఖాళీగా ఉంటే, సెక్షన్ 101 ప్రకారం అసలు యజమానికో, ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకో వెళ్లాలి. పాత చట్టం కింద తీసుకున్నవాటికి ఇది వర్తించదు. ఖాళీవి ఇన్ని ఉండగా 2025లో ఉలవపాడు మండలం కరేడులో పంటలు పండే భూమి అడిగారు, రైతులు హైవే మీద కూర్చున్నారు. వాళ్లది తప్పని నేననను.

సమస్య: ఫ్యాక్టరీ వచ్చింది, ఉద్యోగం మనకు రాలేదు

75 శాతం స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. చట్టం వెల్డింగ్ నేర్పదు కదా. తడ మండలం మాంబట్టులోని తైవాన్ వాళ్ల అపాచీ షూ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లను చేర్చుకుని లైన్‌లోనే పని నేర్పింది. (2022 విభజనలో తడ, నాయుడుపేట తిరుపతి జిల్లాకు పోయాయి. నెల్లూరు ఫ్యాక్టరీలు చాలా వాటితోనే పోయాయి.) రాబోయే కంపెనీకి ఏ ట్రేడు కావాలో ఏడాది ముందే స్థానిక ఐటీఐకి చెప్పించుకోవాలి.

ఇక వీధి దీపం, డ్రైనేజీ, గుంతల రోడ్డు లాంటి సమస్యలు పారిశ్రామిక పార్కులో ఉంటే పంచాయతీ చుట్టూ తిరగొద్దు. ఏపీఐఐసీ పార్కుల్లో ఆస్తి పన్ను వసూలు చేసేది ఐలా (పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ). అందులో పంచాయతీకి కొంత వాటా వెళ్తుంది, మిగతాది పార్కు పనులకే. పన్ను రసీదు జిరాక్స్ జతచేసి ఐలా కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి.