పాంప్లెట్ అచ్చు ఎక్కడ చెడుతుంది: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఫోన్‌లో వచ్చిన ప్రకటనను వేలితో తోసేస్తే పోతుంది. పేపర్‌లో పెట్టి పంచిన పాంప్లెట్‌ను పక్కన పడేయాలన్నా ఒకసారి చేత్తో పట్టుకోవాల్సిందే. కొత్త షాపు గురించి చుట్టుపక్కల నాలుగు వీధులకు తెలియాలంటే ఇప్పటికీ అదే దిక్కు. అచ్చు చెడితే ఆ ఒక్క చూపూ దండగే. తప్పు ప్రెస్ మీదికి నెట్టడం మామూలే గానీ, లోపాల్లో చాలావరకు ఫైల్లోనే ఉంటాయి.

తెలుగు అక్షరాలు విడిపోయాయి, లేదా పిచ్చి గీతలుగా మారాయి

‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అని పొల్లులతో వచ్చిందంటే, సాఫ్ట్‌వేర్ భారతీయ లిపులను కూర్చే పద్ధతిలో లేదన్నమాట. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబ్ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోవాలి.

అక్షరాలు పూర్తిగా పిచ్చి గీతలైతే కారణం వేరు. వాట్సాప్‌లో వచ్చే మ్యాటర్ యూనికోడ్, అంటే ఫోన్లు, వెబ్‌సైట్లు అన్నీ వాడే ఒకే అక్షర సంకేతాల పద్ధతి. చాలా డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లు సంకేతాలు వేరుగా ఉండే పాత పద్ధతివి. కన్వర్టర్‌లో మార్చకుండా పేస్ట్ చేయకండి. మార్చాక కూడా ‘క్ష్మి’, ‘ర్థ్య’ లాంటి చోట్ల కళ్లతో చదివి తీరాలి, కన్వర్టర్లు తడబడేది అక్కడే. ప్రెస్‌కు పంపేముందు అక్షరాలను కర్వ్స్ చేయండి, అంటే గీతల బొమ్మలుగా మార్చండి (కోరల్ డ్రాలో కంట్రోల్+క్యూ). ఆ తర్వాత అక్షరం దిద్దడం కుదరదు కాబట్టి మామూలు ఫైల్ ఒకటి విడిగా దాచుకోండి.

వత్తులు కింది లైను గుడులకు తగులుతున్నాయి

ఇంగ్లిష్‌కు పెట్టే లైన్ల ఎడమే తెలుగుకూ వదిలేశారు. 10 పాయింట్ల అక్షరానికి 14 నుంచి 15 పాయింట్ల ఎడం ఇవ్వాలి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలైతే 9 పాయింట్ల కంటే తగ్గించకండి. సిరా పక్కకు పాకి వత్తుల లోపలి ఖాళీలు పూడిపోతాయి. అక్కడ సన్నటి ఫాంటు పనికిరాదు.

రంగు మారింది

స్క్రీన్ మీద నీలం, కాగితం మీద ఊదా. ఆర్‌జీబీలో (స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతి) చేసిన ఫైలును చివర్లో సీఎంవైకే (అచ్చుకు వాడే సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు సిరాల పద్ధతి)లోకి మారిస్తే ఇలాగే వస్తుంది. మొదటి నుంచీ సీఎంవైకేలోనే చేయండి. నీలంలో సయాన్ 100 శాతం ఉంటే మెజెంటా 70 దాటనివ్వకండి.

చిన్న నల్ల అక్షరాల అంచున ఎరుపో నీలమో కనిపిస్తోందా? ఆ నలుపు నాలుగు రంగులు కలిపి చేసింది. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది, అవి వెంట్రుకవాసి కదిలినా బయటపడుతుంది. అక్షరాలకు నలుపు ప్లేటు ఒక్కటే, 100 శాతం.

ఫోటో మసక

వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపించుకోండి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 1200 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ 10 సెంటీమీటర్లకు మించి సాగదు.

అంచున తెల్ల గీత, మడత దగ్గర పగులు

కటింగ్‌లో మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కటింగ్ గీత దాటి బయటికి పరిచే రంగు) వదలాలి: ఏ5 పాంప్లెట్ 148×210 అయితే ఫైలు 154×216 మి.మీ. ఫోన్ నంబరును అంచు నుంచి కనీసం 5 మి.మీ. లోపలికి ఉంచండి.

ఏ4ను మూడు భాగాలుగా మడిచేటప్పుడు లోపలికి వెళ్లే భాగం 97 మి.మీ., మిగతా రెండూ 100. సమానంగా పంచితే లోపలి రెక్క ముడుచుకుపోతుంది. 170 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), అంతకు మించిన కాగితానికి మడతకు ముందు క్రీజింగ్ (మడత గీతను నొక్కి గాడి చేయడం) తప్పనిసరి.

క్యూఆర్ కోడ్ స్కాన్ కావడం లేదు

పొడవాటి లింకు పెడితే గళ్లు చిన్నవైపోతాయి, లింకు కుదించండి. కోడ్ 2 సెంటీమీటర్లకు తగ్గకూడదు. చుట్టూ నాలుగు గళ్లంత ఖాళీ వదలాలి. తెల్ల నేల మీద నల్ల గళ్లే పెట్టండి, తిరగేసిన రంగులు కొన్ని ఫోన్లకు అందవు. గోడకు అంటించే పోస్టర్‌కైతే చూసే దూరంలో పదో వంతు: 3 మీటర్లకు 30 సెంటీమీటర్లు.

అచ్చు బాగుంది, అయినా ఫోన్లు రావడం లేదు

ముందు చేయి చాచి పట్టుకుని చూడండి. ఏం అమ్ముతున్నారో, షాపు ఎక్కడో రెండు మూడు సెకన్లలో తెలియకపోతే మ్యాటర్ ఎక్కువైంది. ఇరవై సర్వీసుల జాబితా తీసేసి ఒకే ఆఫర్, దాని చివరి తేదీ, తెలిసిన ల్యాండ్‌మార్క్ ఉంచండి.

ఏ ఏరియాలో పని చేసిందో తెలియాలంటే ఏరియాకో కూపన్ కోడ్ వేయండి. ప్రెస్‌లో ఒకే షీట్ మీద నాలుగు ఏ5 పాంప్లెట్లు పడతాయి. నాలుగింటికీ నాలుగు కోడ్‌లు పెడితే అదనపు ప్లేటు ఖర్చు ఉండదు. కటింగ్ అయ్యాక కట్టలు కలవకుండా ఏరియా పేరు రాసి విడివిడిగా కట్టమని ముందే చెప్పండి.