నైట్రో కారు ట్యూనింగ్, ఐదో పాఠం: బియ్యం మారితే ఎసరు మారదా?

రిమోట్‌తో నడిపే చిన్న నైట్రో కారు ఇంజన్‌లో గాలినీ ఫ్యూయల్‌నీ కలిపేది కార్బురేటర్. పోయిన పాఠంలో దాని మీది మూడు స్క్రూలను గుర్తుపట్టాం. హై స్పీడ్ నీడిల్, లో స్పీడ్ నీడిల్, ఐడిల్ స్క్రూ. నీడిల్‌ని కుడికి తిప్పితే ఫ్యూయల్ తగ్గి లీన్ అవుతుంది, ఎడమకు తిప్పితే పెరిగి రిచ్ అవుతుంది. ఇది నోటికి రాకపోతే ఇక్కడే ఆగి, ఆ పాఠం ఇంకోసారి చదివి రండి. ఈరోజు చెప్పేదంతా దాని మీదే నిలబడింది.

ఈ కార్ల ఫ్యూయల్ అంటే మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన మిశ్రమం. డబ్బా మీది నైట్రో శాతం అందులోని నైట్రోమీథేన్ లెక్క. ఇన్నాళ్లూ 16 శాతం నైట్రో పోసి నడిపారు. ఇప్పుడు 25 శాతం డబ్బా దొరికింది. పాత ట్యూనింగ్ మీదే పోసి నడపొచ్చా?

వంట చేసేవాళ్లను అడగండి. పాత బియ్యానికి ఎసరు ఎక్కువ కావాలి, కొత్త బియ్యానికి తక్కువ. బస్తా మారిన రోజు కూడా పాత లెక్కనే నీళ్లు పోస్తే అన్నం పలుకన్నా అవుతుంది, ముద్దన్నా అవుతుంది. ఇంజన్ దగ్గరా అదే గొడవ. గ్రాము మిథనాల్ పూర్తిగా మండడానికి ఆరున్నర గ్రాముల దాకా గాలి కావాలి. గ్రాము నైట్రోమీథేన్‌కు 1.7 గ్రాములు చాలు, ఎందుకంటే అది తనలోనే కొంత ఆక్సిజన్ మోసుకొస్తుంది. ఇంజన్ పీల్చే గాలి మాత్రం అంతే. కాబట్టి నైట్రో పెరిగితే, ఉన్న గాలికి సరిపడా ఫ్యూయల్ ఎక్కువ పోయాలి, అంటే నీడిల్ వదలాలి, ఎడమకు తిప్పాలి. వదలకపోతే లీన్. ఈ ఇంజన్లకు వేరే ఆయిల్ ట్యాంకు లేదు, ఫ్యూయల్‌తో కలిసి వచ్చేదే ఆయిల్. ఫ్యూయల్ కరువైతే ఆయిల్ కూడా కరువే.

ఈ ముక్క నాకు ఒక ఇంజన్ పోయాక అర్థమైంది. డిసెంబరు పొద్దున, హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు. మూడున్నర సీసీ ఇంజన్, కొత్త 25 శాతం డబ్బా, నీడిల్ ముట్టుకోలేదు. మా మేనల్లుడు "మామా, మస్తు ఉరుకుతుంది!" అని ఎగిరాడు. నిజంగానే ఉరికింది. సైలెన్సర్ వెనక పొగ జాడే లేదు, గొంతు సన్నగా కీచుమంటోంది. అదే బాగుందనుకున్నాం. లీన్ అయిన ఇంజన్ పోయేముందు అలాగే మురిపిస్తుంది. రెండో ట్యాంకు సగంలో, గ్రౌండు ఆ చివర గొంతు ఒక్కసారి కుంగి ఆగిపోయింది. విప్పి చూస్తే పిస్టన్ పక్కన నిలువు గీతలు, ఫ్యూయల్‌ని అంటించే ప్లగ్గు లోపలి తీగ మాయం. పైగా చలిగాలి చిక్కగా ఉంటుంది, దానికీ ఫ్యూయల్ ఎక్కువే కావాలి. అంటే ఒకే పొద్దున రెండు వైపుల నుంచీ లీన్ చేసుకున్నాను. తప్పంతా నాదే.

అందుకని ఈ తేడా గుర్తుపెట్టుకోండి. తక్కువ నైట్రో నుంచి ఎక్కువకు పోతే పాత సెట్టింగు ప్రమాదం, ముందే వదిలి మొదలుపెట్టాలి. ఎక్కువ నుంచి తక్కువకు వస్తే పాత సెట్టింగు రిచ్‌గా ఉంటుంది. బండి బద్ధకంగా, పొగలు కక్కుతూ నడుస్తుంది, కానీ పాడైపోదు. అక్కడి నుంచి మెల్లగా బిగించుకుంటూ రావచ్చు. డబ్బా మీద ఆయిల్ శాతం కూడా చూడండి. ఆయిల్ పెరిగితే ఫ్యూయల్ చిక్కబడి నీడిల్ సందులోంచి తక్కువగా కారుతుంది, అప్పుడూ కొంచెం వదలాలి.

ఇక పని. పాత ఫ్యూయల్ ట్యాంకులో ఒక్క చుక్క మిగలకుండా తీసేయండి. సగం సగం కలిస్తే మీరు ఏ ఫ్యూయల్‌కు ట్యూన్ చేస్తున్నారో మీకే తెలియదు. తీసేటప్పుడు పైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. పెట్రోలుకే అది తప్పు, ఇక్కడ అసలు వద్దు. మిథనాల్ కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. సిరంజీ వాడండి. ఎండలో మిథనాల్ మంట కంటికి కనిపించదు కూడా.

తరువాత హై స్పీడ్ నీడిల్‌ని కుడికి మెల్లగా తిప్పుతూ, అడుగు తగిలేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయండి. తగిలాక బిగించొద్దు, కూర్చునే చోటు పాడవుతుంది. మళ్లీ అన్ని చుట్లు వెనక్కి తిప్పండి. ఇప్పుడు స్క్రూ తలని గడియారం అనుకోండి, ఒక గంట మేర అంటే చుట్టులో పన్నెండో వంతు. 16 నుంచి 25కు పోతున్నారు కాబట్టి ఇంకో గంటన్నర, రెండు గంటల మేర వదలండి. లో స్పీడ్‌ని ఇప్పుడే ముట్టుకోవద్దు.

స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు బండిని నెమ్మదిగా నడపండి. చల్లటి ఇంజన్ మీద ట్యూనింగ్ చేస్తే వేడెక్కాక అంతా మారిపోతుంది. ఆ తరువాత ఫుల్ రేసులో ఒక యాభై అడుగులు వదిలి చూడండి. గొంతు గరగరలాడుతూ పొగ దట్టంగా వస్తే గంట మేర బిగించండి, రెండు మూడు సార్లు పరుగెత్తించి మళ్లీ చూడండి. గొంతు తేటపడి, పొగ పలచటి గీతలా వెంట వస్తున్న చోట ఆగండి. పొగ పూర్తిగా మాయమైందంటే దాటిపోయారు, వెంటనే గంటన్నర వెనక్కి. ప్లగ్గు దగ్గర టెంపరేచర్ గన్ పెడితే 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. గన్ లేకపోతే హెడ్ మీద ఒక నీటి బొట్టు వేయండి. మూడు నాలుగు సెకన్లు ఉడికి ఆవిరైతే సరి, పడగానే చుయ్‌మని ఎగిరిపోతే వేడి ఎక్కువైంది.

లో స్పీడ్‌కి పైపు నొక్కే పరీక్ష ఉంది. బండి ఐడిల్‌లో ఉండగా కార్బురేటర్ దగ్గర ఫ్యూయల్ పైపుని వేళ్లతో నొక్కి పట్టుకోండి. గొంతు కొంచెం పెరిగి రెండు మూడు సెకన్లకు ఆగితే బాగుంది. నొక్కగానే టక్కున ఆగితే లీన్. అయిదు సెకన్లు దాటి లాగుతుంటే రిచ్. ఇక్కడ మాత్రం అర గంట మేర చాలు, ఎందుకో కానీ అందరూ ఈ స్క్రూనే ఎక్కువ తిప్పుతారు. ఐడిల్ స్క్రూ చివర్న.

మన దగ్గర ఇంకో చిక్కు, చెల్క దుమ్ము. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి బండి రిచ్‌గా నడుస్తుంది. మీరు నీడిల్ బిగించి సరిచేస్తారు. మరుసటి రోజు ఫిల్టర్ కడిగి, కొత్త ఆయిల్ రాసి పెడితే అదే సెట్టింగు లీన్ అయి కూర్చుంటుంది. కాబట్టి ట్యూనింగ్‌కు ముందే ఫిల్టర్ కడగండి. మేలో మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో సరిగ్గా ఉన్న నీడిల్, వానాకాలం మొదటి చల్లటి సాయంత్రానికి తిరిగి వదులు కోరుతుంది. అందుకే నోట్‌బుక్‌లో చుట్లతో పాటు ఆ రోజు వేడి కూడా రాయండి. మా మేనల్లుడి లెక్కలో ఇప్పుడు "పొద్దున, చలి, రెండు గంటలు వదిలిన" అని ఉంటుంది.

ఆట అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, డబ్బా మూత గట్టిగా బిగించండి, మిథనాల్ తేమని లాగేస్తుంది. వచ్చే పాఠంలో ప్లగ్గులు, హెడ్ కింద పెట్టే పలచటి రేకు రింగులు, అంటే షిమ్‌లు. 25 శాతానికి కొంచెం కోల్డ్ ప్లగ్గు, ఒక 0.1 మిల్లీమీటరు షిమ్ ఎందుకు కలపాలో అప్పుడు విప్పి చూద్దాం. అప్పటిదాకా హోంవర్క్: మీ బండి హై స్పీడ్ నీడిల్ ఇప్పుడు ఎన్ని చుట్ల మీద ఉందో లెక్కపెట్టి రాసి పెట్టుకోండి.