గల్ఫ్‌కి వెళ్లే మనవాళ్లకి: ముందు చోటు చెప్పండి

పర్లాకిమిడి, బరంపురం నుంచి దుబాయ్ పనికి వెళ్లే తమ్ముళ్లూ, ఇదొక్కటి చేసుకోండి. కంగారులో కథంతా ముందొచ్చేసి, ఎక్కడున్నామో చెప్పడం ఆఖరైపోతుంది. అంబులెన్సుకి 998, పోలీసుకి 999 కొట్టగానే మొదట చోటు చెప్పండి. తర్వాత ఏం జరిగిందో, ఏం కావాలో.

"అల్ ఖూజ్, ఫలానా క్యాంపు, మూడో గేటు. మ్యాన్ ఫెల్ డౌన్. నో బ్రీతింగ్. సెండ్ అంబులెన్స్."

మీ క్యాంపు పేరుతో ఈ ముక్కలు రాసి ఫోను కవరు వెనక పెట్టుకోండి. ఒడియా బడిలో చదివినవాళ్లు ఒడియా అక్షరాల్లోనే రాసుకోండి, చదవడం తడబడదు. రాత్రి గదిలో నాలుగుసార్లు పైకి చదవండి, మనసులో కాదు. అవతలివాళ్లు అడిగింది అర్థం కాకపోతే "యెస్ యెస్" అనేయకండి, ప్రాణం మీదకొస్తుంది. "స్లోలీ ప్లీజ్" అనండి. వాళ్లు చెప్పేదాకా ఫోను పెట్టేయొద్దు.