ఆలోచనకు మడవ మార్చడం – మూడవ పాఠం: పాత వాక్యం ఉన్న చోట కొత్త వాక్యం

కిందటి పాఠంలో మీకొక పని అప్పగించాను. తిరిగి తిరిగి వచ్చే ఆలోచనను ఆపే ప్రయత్నం చేయకుండా, అది వచ్చినప్పుడల్లా నోటుపుస్తకంలో ఒక గీత గీసి, వచ్చిన వేళనూ అది పలికిన మాటలనూ ఉన్నవి ఉన్నట్టు రాయమన్నాను. వారం పాటు శ్రద్ధగా రాసినవారికి ఈపాటికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. రోజుకు వంద ఆలోచనలు తనను తినేస్తున్నాయనుకున్న మనిషి పుస్తకం తెరిచి చూసుకుంటే అందులో ఉండేవి మూడో నాలుగో వాక్యాలు. అవే వేషం మార్చుకుని వస్తుంటాయి. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. రాయనివారు ముందు ఆ వారం పూర్తిచేసి రావడం మంచిది, ఈరోజు మన పనికి ముడిసరుకు ఆ వాక్యాలే కనుక.

మాది ప్రకాశం జిల్లాలో కొండపి వైపు పల్లె. బోరు కింద వేరుశనగకు నీళ్లు కట్టడం చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. ఒక మడి తడిసిన తరువాత నీళ్లను పక్క మడికి మళ్లించడాన్ని మడవ మార్చడమంటారు. కొత్తగా ఆ పనికి దిగినవాడు తొందరపడి ముందు పాత మడవను పూడ్చేస్తాడు. పోవడానికి దారిలేని నీళ్లు ఆ పచ్చి మట్టినే కోసుకుని మళ్లీ అదే మడిలోకి దిగుతాయి, లేకపోతే కాలువ గట్టు ఎక్కడ పలచగా ఉందో అక్కడ తెగుతుంది. అనుభవమున్న మనిషి ముందు కొత్త మడికి నోరు తెరుస్తాడు. అక్కడ పారతో లేచిన మట్టిపెళ్లనే తెచ్చి పాత మడవలో వేసి కాలితో తొక్కుతాడు. వేరే చోటినుంచి మట్టి తేవలసిన పని ఉండదు. ఆలోచనతోనూ ఆ వరుసలోనే పనిచేయాలని నా అనుభవం.

ఆపితే ఆగదన్నది ప్రయోగంలోనూ తేలిన విషయం. 1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులూ కొందరు విద్యార్థులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దనీ, తలపు వస్తే గంట మోగించమనీ చెప్పారు. గంట మోగుతూనే ఉంది. ఆ తరువాత తలచుకోవచ్చునని చెప్పినప్పుడు, మొదటినుంచీ స్వేచ్ఛగా తలచుకున్న వారికంటే అణచిపెట్టుకున్న వీరికే ఆ తలపు ఎక్కువగా వచ్చింది. ఇంతవరకు చాలామంది చెబుతారు. అయితే అదే పరిశోధనలో రెండో భాగం మనకు ఇంకా ముఖ్యం: మరో గుంపుకు, ఎలుగుబంటి గుర్తుకువస్తే దాని బదులు ఎర్రటి ఫోక్స్‌వాగన్ కారును తలచుకోమని చెప్పారు, వారిలో ఆ తలపు అలా తిరిగి ఎగదన్నడం తగ్గింది. కొత్త మడవ తెరిచి ఉంచితే నీళ్లకు గట్టు తెంపవలసిన అవసరం లేకపోయిందన్నమాట.

మరి ఆ కొత్త మడవలో ఏ మాట పెట్టాలి? ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతున్నారు. "నేను పనికిరానివాణ్ణి" అన్న మాట వస్తే "నేను గొప్పవాణ్ణి" అని పదిసార్లు అనుకోమనే సలహా ఊరూరా వినిపిస్తోంది. 2009లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోవాన్ వుడ్ బృందం, తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవారిచేత "నేను ప్రేమకు తగిన మనిషిని" అని పదేపదే అనిపించి చూసింది. అలా అనుకున్నవారి మనసు, అనుకోనివారి మనసు కంటే మరింత కుంగింది. నమ్మలేని మాటను లోపలి మనిషి ఊరికే పోనివ్వడు, వెంటనే ఎదురు సాక్ష్యాలు తెచ్చి ముందు పోస్తాడు. యోగసూత్రాలలో రెండవ పాదం 33వ సూత్రం చెప్పిన ప్రతిపక్ష భావననూ, అంటే చెడు తలపుకు ఎదురు తలపును తెచ్చుకోవడాన్నీ, కొందరు ఇలాగే తీపిమాటగా అర్థం చేసుకుంటారు. హింస మొదలైన తలపుల సందర్భంలో వచ్చిన ఆ సూత్రానికి వెనువెంటనే ఉన్న 34వ సూత్రం, అటువంటి తలపులు దుఃఖాన్నీ అజ్ఞానాన్నీ ఫలంగా ఇస్తాయన్న నిజాన్ని తలచుకోమంటోంది. ప్రతిపక్షమంటే అక్కడ కూడా నిజమే.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. మా మేనమామ కొడుకు పొగాకు రైతు. వేలానికి తీసుకుపోయిన ఎనిమిది బేళ్లలో రెండు, కొనేవారెవరూ పాట పాడక నోబిడ్ అయి ఇంటికి తిరిగివచ్చిన రాత్రి, ఆయన వసారాలో మంచం మీద కూర్చునే తెల్లవార్చాడు. నేను బలవంతం చేస్తే తన వాక్యాన్ని పుస్తకంలో రాశాడు: "నేనేం పట్టుకున్నా ఇట్టాగే అవుతుంది."

"బావా, ఇందులో పొగాకు అన్న మాటే లేదే," అన్నాను.

ఆయన చాలాసేపు ఆ కాగితం వంక చూశాడు. "అవును, బేళ్ల మాటే లేదు," అన్నాడు.

పాత వాక్యాల లక్షణమే అది. వాటిలో తేదీ ఉండదు, వస్తువు ఉండదు, చోటు ఉండదు; "ఎప్పుడూ", "ఏదీ", "అందరూ", "ఇంతే" అన్న మాటలు మాత్రం తప్పకుండా ఉంటాయి. మీ పుస్తకంలో అటువంటి మాటల కింద ఎర్ర సిరాతో గీత గీయండి. ఆ తరువాత ఏ రోజు, ఏ చోట, ఏ వస్తువు, ఎంత అని అడుగుతూ రండి. "నాకే ఎందుకు ఇలా?" అన్న ప్రశ్న మాత్రం వేయకండి, ఆ ప్రశ్న మిమ్మల్ని మళ్లీ పాత మడిలోకే దించుతుంది. మా బావ అలా అడుగుతూ రాసుకున్న కొత్త వాక్యం ఇది: "ఈరోజు ఎనిమిది బేళ్లలో ఆరు పోయినాయి, తేమ ఎక్కువుండి రెండు ఆగినాయి, పొద్దున్నే ఆ రెండూ విప్పి, ఆకు ఆరబెట్టి, గ్రేడు కలిసిన కట్టలు వేరుచేస్తాను." ఇందులో ఓదార్పు లేదు. నష్టం నష్టంగానే ఉంది. అయినా ఆ వాక్యం నిజం, దానికి కొలత ఉంది, చివరన చేతికి ఒక పని ఉంది. మీరు రాసే ప్రతి కొత్త వాక్యాన్నీ ఈ మూడింటితో పరీక్షించుకోండి. మొదటిసారికే కుదరదు. నాలుగైదు సార్లు కొట్టివేసి రాసిన తరువాతనే మనసు ఒప్పుకునే మాట దొరుకుతుంది.

చక్కదిద్దడానికి ఏమీ మిగలని విషయాల సంగతేమిటని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న, నేనూ దానితో చాలాకాలం పెనుగులాడాను. మా అమ్మ పోయిన తరువాత రెండేళ్లు నా వాక్యం ఒక్కటే: "ఆ సాయంత్రమే బయలుదేరి ఉంటే." స్నానం చేస్తున్నా, ఒంగోలు బస్సులో కూర్చున్నా అదే. "నా తప్పేమీ లేదు" అన్న మాటను ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు పట్టించుకోలేదు. చివరకు ఆ సాయంత్రాన్నే గంట గంటగా కాగితం మీద పెట్టిన రోజున ఈ వాక్యం కుదిరింది: "ఆ సాయంత్రం ఏడింటికి అమ్మ లేచి కూర్చుని మజ్జిగన్నం తిన్నది, గిన్నె తానే కడిగిపెట్టింది; తెల్లవారుజామున నాలుగింటికి తెలిసిన సంగతి ఏడింటికి నాకు తెలియదు; ఇప్పుడు వెళ్లి ఆమె నాటిన మల్లెపాదుకు నీళ్లు పోస్తాను." ఆ గిన్నె గుర్తుకువచ్చేదాకా నాకు ఏ మాటా నిలబడలేదు. దుఃఖం పోలేదు, పోవాలని నేను కోరుకోలేదు కూడా. తిరుగుడు మాత్రం తగ్గింది. కొత్త మడవకు కావలసిన మట్టి అదే సాయంత్రంలో దొరికింది.

ఇక సాధన. వారానికి ఒక్క వాక్యాన్నే పట్టుకోండి. నాలుగింటినీ ఒకేసారి మార్చబోతే ఏదీ నిలవదు. పాత వాక్యం ఎక్కువగా వచ్చే చోటూ వేళా మీ పుస్తకంలో ఉన్నాయి కదా, అది పొంచి ఉన్న చోటికి ముందుగానే కొత్త వాక్యాన్ని పంపాలి. "పక్క మీద వాలగానే అది వస్తే, దీనిని పలుకుతాను" అని పగటిపూటే నిర్ణయించుకోండి. వచ్చినప్పుడు దానితో వాదించకుండా, "వచ్చావా" అని గుర్తించి, కొత్త వాక్యాన్ని చిన్న గొంతుతో ఒక్కసారి పలికి, దాని చివరనున్న పనిని కళ్లముందు నిలుపుకోండి. వీలైతే లేచి ఆ పనిలో మొదటి అడుగు వేయండి. మళ్లీ వస్తే మళ్లీ పలకండి. లండన్‌లో ఒక పరిశోధనలో, భోజనంతో పాటు మంచినీళ్లు తాగడం వంటి చిన్న అలవాటు కుదురుకోవడానికి కూడా సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలితే మరికొందరికి 254 రోజులు కావలసివచ్చేట్టుందని లెక్కతేలింది. అవి చేతల అలవాట్లు, మనవి తలపుల అలవాట్లు. కనుక పది రోజులకే ఫలితం లేదని పుస్తకం మూసేయకండి.

ఒక్క హెచ్చరిక. మీరు రాసుకున్న వాక్యాలలో చనిపోవాలన్న మాట ఉన్నా, వారాల తరబడి నిద్రా తిండీ తప్పిపోయినా, ఈ పాఠంతో సరిపెట్టుకోవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజనాసుపత్రులలో మానసిక వైద్యులు ఉంటారు. వెళ్లండి, ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని వెళ్లండి.

వచ్చే పాఠం రాత్రి ఆలోచనల గురించి. నెల్లూరు జిల్లాలో విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద మేలుకుని ఉండే రైతుకు, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుందన్న భయం నిజమైన భయమే. ఆ మెలకువ అతని పనిలో భాగం. ఏ భయాన్ని కాపలాగా ఉంచుకోవాలో, దేనికి మడవ మార్చాలో తేల్చుకోవడమే అక్కడ మన పని. అందుకోసం ఈ వారం రాత్రి పది దాటిన తరువాత వచ్చిన వాక్యాలను విడిగా ఒక పేజీలో రాసి, ఒక్కొక్కదాని పక్కన, ఆ వేళలో లేచి చేయగలిగిన పని ఏదైనా ఉందా లేదా అన్నది ఒక్క మాటలో రాసి ఉంచండి.