ఆన్‌లైన్‌లో యువ నాయకత్వ శిక్షణ నడపడం ఎలా? బోరింగు దగ్గర మొదలుపెట్టండి

ఫోను, డేటా, వాట్సాప్ గ్రూపు, నోటుపుస్తకం. సామాను ఇంతే. జట్టుకు 12 మంది. అంతకు మించితే సగం మంది నోరు విప్పరు. ఎనిమిది వారాలు, ఆదివారం సాయంత్రం ఏడింటికి. గూగుల్ మీట్ ఉచితంగా ఇచ్చే 60 నిమిషాలు చాలు. 18 ఏళ్లు నిండనివాళ్ల ఇంట్లో ముందే సంతకం తీసుకోండి. నాయకుణ్ణి ఎన్నుకోవద్దు, వారానికొకరు సమావేశం నడపాలి.

చిక్కంతా రెండో వారంలో, సేవకు పని ఎంచుకునే దగ్గర. ఎక్కువ శిక్షణలు చెడేది ఇక్కడే. 2015లో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు ఒప్పుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను స్లైడ్లలో చూపించి, ఒకటి ఏరుకోమంటారు. పిల్లలు 'పేదరికం' అంటారు, పోస్టరు గీస్తారు, సర్టిఫికెట్ పట్టుకుపోతారు. ఊళ్లో ఒక్కరికీ ఒరిగేదేమీ ఉండదు. ఊరు ముందు, లక్ష్యం తర్వాత.

అనంతపురం జిల్లాలో అయితే బోరింగు నీళ్లు పట్టుకోండి. చాలా పల్లెల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, మోతాదు మించితే పళ్లు గారపట్టించి ఎముకలు పాడుచేసే లవణం అది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు తాగొచ్చని భారతీయ ప్రమాణం. ఒక్కొక్కరు తమ వీధి జనం తాగే బోరింగు నుంచి ఒక సీసా నీళ్లు తేవాలి. ముందు ఐదు నిమిషాలు కొట్టి వదిలేయండి, లేకపోతే గొట్టంలో నిలిచిన నీళ్లే వస్తాయి. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే కావాలి. అవే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, లీటరు పట్టి, ఊరు, వీధి, తేదీ అక్కడికక్కడే రాసి అంటించాలి. ఇంటికొచ్చాక రాద్దామంటే సీసాలు తారుమారవుతాయి. పరీక్ష గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో చేయించాలి.

ఫలితం రాగానే బోరింగుకు ఎర్ర రంగు పూసి వీడియో పెట్టొద్దు. ఆ నీళ్లు మాన్పిస్తే జనం ఏవి తాగాలి? దానికి జవాబు లేకుండా భయపెట్టడం సేవ కాదు. ల్యాబు కాగితం ఊరి సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుకు ఇచ్చి, దగ్గర్లో మంచినీళ్లు ఎక్కడున్నాయో తేల్చుకున్నాకే వీధిలో చెప్పాలి. గారపళ్ల పిల్లల ఫోటోలు గ్రూపులో కూడా పెట్టకూడదు. 'కాచి తాగండి' అని అస్సలు చెప్పకూడదు. కాచేకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మిగిలి ఇంకా చిక్కబడుతుంది.

ఆరో వారం ప్రపంచపటం తెరవండి. కెన్యా, ఇథియోపియా, టాంజానియాల రిఫ్ట్ లోయ పల్లెల్లోనూ ఇదే బాధ. ఫ్లోరైడ్ మనకు గ్రానైటు రాళ్లలోంచి వస్తే, వాళ్లకు అగ్నిపర్వత శిలల్లోంచి. నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ తయారుచేసిన, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి 'నల్గొండ' పేరుతోనే ఆ దేశాలకు చేరింది. కెన్యాలోని నకురులో ఎముకల బొగ్గుతో వడకట్టడం వాడుకలోకి తెచ్చారు. విశ్వపౌరసత్వం గురించి ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి ఖర్చు, శ్రమ పోల్చమనండి.

ఎనిమిదో వారం ప్రతి ఒక్కరూ తమ బోరింగు దగ్గరికి మళ్లీ వెళ్లి, ఇప్పుడు ఎవరెవరు తాగుతున్నారో రాసుకురావాలి. సర్టిఫికెట్ ఆ తర్వాతే.