చేతిలో లేని చికాకును ఒప్పుకోవడం ఎలా

ట్రాఫిక్ కదలదు, పైఇంట్లో డ్రిల్లింగ్ ఆగదు. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది మనసును కాదు, ఒంటిని. దవడ బిగుసుకుందా, భుజాలు పైకి లేచాయా? వాటిని వదులు చేయండి. 4 సెకన్లు ఊపిరి తీసుకుని, 6 సెకన్లు వదలండి. ఇలా పది సార్లు, అంటే నిమిషంన్నర పైచిలుకు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. మరీ గట్టిగా పీలిస్తే తల తిరుగుతుంది, మామూలుగానే తీసుకోండి.

తర్వాత జరిగినదాన్ని ఒక్క వాక్యంలో చెప్పుకోండి: "బస్సు 40 నిమిషాలు ఆలస్యం, నాకు కోపంగా ఉంది." "ఎప్పుడూ నాకే ఇలా" అన్న తోక తగిలించకండి. మంట పెట్టేది ఎక్కువగా ఆ తోకే.

ఇప్పుడు మీ చేతిలో ఏముందో చూడండి. ఎదురుచూసేవాళ్లకు ఫోన్ చేయవచ్చు. చేసేశాక ఇక ఆ పని అయిపోయినట్టే. నిమిషానికోసారి యాప్ తెరిస్తే చికాకు మళ్లీ మొదటికొస్తుంది. 15 నిమిషాలకోసారి చూస్తే చాలు.

చాలామంది తప్పటడుగు వేసేది "దాని గురించి ఆలోచించను" అని పట్టుబట్టడంలో. 1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దంది. వాళ్లకు అదే పదేపదే గుర్తొచ్చింది. కోపాన్ని ఉండనివ్వండి, చేతులకు మాత్రం వేరే పని చెప్పండి.

ఒప్పుకోవడమంటే మెచ్చుకోవడం కాదు. రోజూ ఎదురయ్యే ఇబ్బందికి ఫిర్యాదు రాసే దారి ఉంటే రాయాల్సిందే, కాకపోతే కోపం చల్లారాక.